చిరు సెన్సర్లు – రేడియో రద్దీ

పొలంలో తేమను, శీతల గిడ్డంగిలో ఉష్ణోగ్రతను కొలిచి, ఆ అంకెలను తీగలతో పనిలేకుండా పంపే చిన్న పరికరాలే వైర్‌లెస్ సెన్సర్లు. ఒకదాని వార్తను మరొకటి అందుకొని ముందుకు చేరవేస్తే అది సెన్సర్ల వల అవుతుంది. రెండు చిన్న సెల్లులతో నెలల తరబడి పనిచేయవలసి ఉన్నందున వీటి ప్రసారశక్తి సాధారణంగా ఒక మిల్లీవాటు మాత్రమే. వీటిలో అనేకం 2400–2483.5 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడుకొంటాయి. మన దేశంలో ఈ పట్టీకి 2005లో లైసెన్సు తొలగించారు. అనుమతి అక్కరలేని చోట సమ్మర్దం తప్పదు గదా! నూరు మిల్లీవాట్ల వైఫై పెట్టెలు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడనే ఉన్నవి.

మేము ప్రయోగశాలలో నాలుగు సెన్సర్లు అమర్చగా, ఉదయం చక్కగా వచ్చిన అంకెలు పక్కనున్న కంప్యూటర్ గది నిండగానే తెగిపోసాగినవి. మొదట బ్యాటరీలను నిందించాము. నిజానికి చెడిన సందేశాన్ని సెన్సర్ మళ్ళీ మళ్ళీ పంపుతూ ఉన్నది. బ్యాటరీ నీరసం దాని ఫలితమే తప్ప కారణం కాదు.

కారణం ఛానెల్. 802.15.4 ప్రమాణం ప్రకారం ఈ పట్టీలో 11 నుండి 26 వరకు పదహారు ఛానెళ్ళు, 5 మెగాహెర్ట్జ్ ఎడముతో ఉన్నవి. మా సెన్సర్లది 17వది, అనగా 2435. పక్క గది వైఫై 6వ ఛానెల్ కేంద్రం 2437. దాని వెడల్పు సుమారు 20 మెగాహెర్ట్జ్ కనుక మేము సరిగ్గా దాని నోటిలోనే కూర్చున్నాము! 20వ ఛానెల్‌కు, అనగా 2450కి మారగానే అంకెలు తిరిగి వచ్చినవి. వైఫై 1, 6, 11పై ఉన్నచోట 15, 20, 25, 26 ఛానెళ్ళు సందులలో మిగులుతాయి. పొరుగువారు వైఫైని 13పై పెట్టినచో చివరి రెండూ పోయినట్లే.

పంపే ముందు సెన్సర్ చెవియొగ్గి, నిశ్శబ్దమైతేనే పంపుతుంది. అయితే వినడం ముగించి పంపడానికి మారుటకు దానికి 192 మైక్రోసెకన్లు కావలెను. అంతలో వైఫై దూరిపోగలదు. పైగా వినుటకు కూడా పంపినంత విద్యుత్తు ఖర్చగును. మైక్రోవేవ్ ఓవెన్ ఇంతకంటె మర్యాదస్తురాలు: ఇంటి ఓవెన్ సాధారణంగా కరెంటు ఆవృత్తిలో సగం సేపే రేడియో రొద చేస్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు ఆ విరామం సుమారు 10 మిల్లీసెకన్లు. సెన్సర్ అతి పొడవైన సందేశానికి 4 మిల్లీసెకన్లు చాలును.

ముషాయిరాలో పూర్వం షమా ఎవరి ముందుకు వస్తే ఆ కవియే చదివేవాడు. 2012లో వెలువడిన 802.15.4ఇ సవరణ సెన్సర్లకు అటువంటి వంతులనే ఏర్పరచినది. వంతు వంతుకూ ఛానెల్ కూడా మారుతుంది. ఒక ఛానెల్‌లో చెడిన సందేశం మరొకదానిలో చేరుతుంది. వంతు లేనప్పుడు సెన్సర్ నిద్రించవచ్చును. కాని అన్నింటి గడియారాలు కలిసి నడవవలెను. మేము తడబడినది ఇక్కడనే.

తోటలు, విశాలమైన గిడ్డంగుల వంటి చోట్ల 865–867 మెగాహెర్ట్జ్ పట్టీ మేలని మా అభిప్రాయం. సాధారణ వైఫై అక్కడ లేదు, తరంగాలు దూరం పోతాయి. వేగం తగ్గుతుంది గాని, గంటకొక తేమ అంకె పంపే సెన్సర్‌కు వేగంతో పనేమి?