ఇటుక వరసలు లెక్కపెట్టినవాళ్లు

బుజ్జీ,

పాతకాలం ముట్టడుల్లో ఏ యంత్రం గొప్పదని అడిగావు. యంత్రాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ప్లాటియా సంగతి చెబుతాను. గ్రీసులో కిథైరాన్ కొండ దిగువన ఉన్న చిన్న ఊరది.

క్రీ.పూ. 429లో, ఏథెన్స్‌తో యుద్ధంలో ఉన్న స్పార్టా సేన దాన్ని చుట్టుముట్టింది. ఊరివాళ్లు పిల్లల్నీ ముసలివాళ్లనూ ముందే ఏథెన్స్‌కు పంపేశారు. లోపల మిగిలింది 400 మంది ఊరివాళ్లు, 80 మంది ఏథెన్స్ సైనికులు, వాళ్లకు రొట్టెలు చేసిపెట్టడానికి 110 మంది ఆడవాళ్లు. యుద్ధం గురించి రాస్తూ వంట చేసేవాళ్లనూ లెక్కపెట్టాడు చూడు, అందుకే ఆ కాలపు చరిత్రకారుడు థూసిడిడీస్ అంటే నాకు గౌరవం.

స్పార్టావాళ్లు 70 రోజులు, రాత్రీ పగలూ గోడ పక్కన మట్టిదిబ్బ పోశారు. ఊరివాళ్లు సొంత ఇళ్ల ఇటుకలు పీకి గోడ ఎత్తు పెంచారు. దిబ్బ అడుగుకు సొరంగం తవ్వి మట్టిని లోపలికి లాగేసుకున్నారు. ఎంత పోసినా దిబ్బ కుంగిపోతోంది! చివరికి స్పార్టావాళ్లు విసిగి, ఊరి చుట్టూ జంట గోడ కట్టి ఆకలికి వదిలేశారు.

రెండో శీతాకాలానికి తిండి తరిగింది. గోడ దాటాలంటే నిచ్చెన సరిపోవాలి. శత్రువు గోడ ఎత్తు ఎలా తెలుస్తుంది? ఒకచోట పూత సరిగా లేక ఇటుక వరసలు కనిపించాయి. చాలామంది, మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు. ఒకరిద్దరు తప్పినా, ఎక్కువమందికి వచ్చిన అంకె తప్పదని వాళ్ల నమ్మకం. ఇటుక మందంతో హెచ్చవేసి నిచ్చెనలు చేశారు. ల్యాబ్‌లో రీడింగు మూడుసార్లు తీయమంటే నువ్వు విసుక్కుంటున్నావట, మీ అమ్మ చెప్పింది.

చంద్రుడు లేని గాలివాన రాత్రి బయల్దేరారు. బురదలో జారకుండా ఎడమ కాలికే చెప్పు. ఆయుధాలు తగిలి చప్పుడవకుండా ఎడంగా నడిచారు. గోడ దాటాక శత్రువుల ఊరు థీబ్స్ దారి పట్టారు. వెతికేవాళ్ల దివిటీలు ఏథెన్స్ వైపు పోతుంటే, కొంతదూరం వెళ్లి కొండల్లోకి మళ్లారు. 212 మంది బతికి బయటపడ్డారు.

బయల్దేరకుండా ఊళ్లోనే ఉండిపోయినవాళ్లు క్రీ.పూ. 427లో లొంగిపోయారు. ఈ యుద్ధంలో మాకేమైనా మేలు చేశారా అని స్పార్టావాళ్లు ఒక్కొక్కరినీ అడిగి, లేదన్నవాళ్లను చంపారు: ప్లాటియావాళ్లు 200కు తక్కువ కాదు, ఏథెన్స్‌వాళ్లు 25 మంది. ఆడవాళ్లను బానిసలను చేశారు. తర్వాత ఊరు నేలమట్టం చేసి, ఆ ఇళ్ల తలుపులతో, పైకప్పులతో హేరా దేవి గుడి పక్కన సత్రం కట్టారు.

రోడ్స్ ద్వీపం మీదికి తెచ్చిన పెద్ద యంత్రం గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

మీ తాతయ్య