సముద్రం ఇచ్చిన డ్రమ్ము ఎవరిది?

మా మావయ్య వాళ్ళది భీమిలి దగ్గర. ఈ సంక్రాంతికి వెళ్తే పెరట్లో కొత్త నీలం డ్రమ్ము కనిపించింది. "ఎంతకి కొన్నావు మావయ్యా?" అంటే, "కొనడమేంట్రా, వేటకెళ్తే దొరికింది. గంగమ్మ ఇచ్చింది" అన్నాడు. ఓడ మీంచి పడిందేమో అని నాకు డౌటు. ఫోన్ తీసి కూర్చుంటే రాత్రి పన్నెండయింది.

సముద్రంలో పోయిన సరుకుకి ఇంగ్లీషు చట్టంలో పాతకాలం పేర్లున్నాయి. 1601 నాటి సర్ హెన్రీ కానిస్టేబుల్ కేసులోనే (పోలీసు కాదు, ఆయన ఇంటిపేరే అది) వీటికి అర్థాలు చెప్పారు. ఓడ మునిగితే దానంతటదే తేలే సరుకు ఫ్లోట్సమ్. ఓడ బరువు తగ్గించాలని మనుషులే విసిరేసింది జెట్సమ్. విసిరినది మునిగిపోతుందని తెలిసి, మళ్ళీ వెతుక్కోడానికి బెండు కట్టి వదిలితే లగన్. నేనైతే ఆమిర్ ఖాన్ సినిమా అనుకున్నా. మా సీఎస్ఈ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆ బెండే పాయింటర్.

నాలుగోది డెరెలిక్ట్. తిరిగొస్తామన్న ఉద్దేశం గానీ, దక్కుతుందన్న ఆశ గానీ లేకుండా వదిలేసిన ఓడ. నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇక్కడ వస్తువు కన్నా మనిషి మనసులో ఏముందనేదే ముఖ్యం. 2020 అక్టోబర్‌లో విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా గుర్తుందా? సిబ్బందిని దించేశారు. అంతమాత్రాన అది డెరెలిక్ట్ అయిపోదు, ఓనరు ఆశ వదులుకోవాలి కదా.

మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం ఈ పేర్లు వాడకుండానే అన్నిటినీ వర్ణించి, 'రెక్' అనే ఒకే మాట కింద చేర్చింది. 2025లో కొత్త చట్టం చేశారు గానీ, నేను చదివింది పాతదే. అందులో అసలు విషయం ఏంటంటే, దొరికినంత మాత్రాన మనది కాదు. రిసీవర్ ఆఫ్ రెక్ అనే అధికారికి అప్పగించాలి. ఏడాదిలోపు ఓనరు వచ్చి తనదని రుజువు చేసుకుంటే, ఖర్చులూ, కాపాడినవాళ్ళకి రావాల్సిన డబ్బూ కట్టి తీసుకోవచ్చు.

బ్రిటన్‌లోనూ దాదాపు ఇంతే. 2007 జనవరిలో ఎం.ఎస్.సి. నాపోలి ఓడ కంటైనర్లు డెవాన్‌లోని బ్రాన్స్‌కోమ్ ఒడ్డుకి కొట్టుకొస్తే, జనం బీఎండబ్ల్యూ బైకులు కూడా తోసుకుపోయారు. వాటిని కూడా రిసీవర్‌కి చెప్పాల్సిందే. చదువుకున్నవాళ్ళూ, డబ్బున్నవాళ్ళూ మావయ్యలాగే అనుకున్నారన్నమాట!

పొద్దున్నే ఇదంతా మావయ్యకి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. డ్రమ్ము మీద చెయ్యి వేసి అడిగాడు: "ఇచ్చేస్తాన్లే. మరి రేపట్నుంచి మీ అత్త నీళ్ళు దేంట్లో పట్టుకోవాలి?"

డ్రమ్ము మీద పేరుందేమో అని ఇద్దరం కలిసి తిప్పి చూశాం. ఏమీ లేదు.