కుట్టు గానీ కట్టుకోవద్దట!

సమస్య



మాది కోయంబత్తూరు, పీళమేడు వైపు. నాయకరాజుల కాలంలో ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో నేను తెలుగు చదువుకోలేదు. ఈ అక్షరాలు మా అవ్వ దిద్దించినవి. ఆవిడ కోసం తెప్పించే పత్రికలోనే మీ శీర్షిక చదువుతుంటాను.

నాకు 27 ఏళ్లు. పంపుసెట్లు తయారుచేసే కంపెనీలో డిజైన్ విభాగంలో ఉద్యోగం. మా నాయన ఫౌండ్రీలో ప్యాటర్న్ మేకర్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మ పుట్టిల్లు మదురై.

కాలేజీలో ఉన్నప్పటి నుంచీ నాకు కాస్‌ప్లే అంటే ప్రాణం. కామిక్స్‌లోనో, యానిమేలోనో, వీడియో గేముల్లోనో మనసుకు పట్టిన పాత్రను ఎంచుకుని, ఆ వేషం మన చేత్తో మనమే తయారుచేసుకుని వేసుకోవడం. ఇప్పుడు ఎల్డెన్ రింగ్ అనే గేములోని మలేనియా అనే యోధురాలి వేషం చేస్తున్నాను. కళ్లను కూడా కప్పేసే రెక్కల శిరస్త్రాణం, వెనక ఎర్రటి వస్త్రం, కుడిచెయ్యి మాత్రం లోహంతో చేసిన కృత్రిమ చెయ్యి. ఫోమ్ షీట్లు కోసి, హీట్ గన్‌తో వేడిచేసి వంచి, అతికించి, రంగులేస్తాను. గుడ్డ ఒప్పణక్కార వీధిలో కొంటాను. ఖర్చంతా నా జీతంలోదే. ఆఫీసులో నేను గీసే డ్రాయింగు పదిమంది చేతులు మారి, చివరికి నాదన్న గుర్తే లేకుండా పోతుంది. ఆదివారం మిద్దె మీద చేసింది మాత్రం మొదటి నుంచి చివరి దాకా నాది. అది వేసుకుని నిలబడితే నా భుజాలు వాటంతట అవే నిటారుగా అవుతాయి. ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఒకటి దాదాపు కుదిరింది. అబ్బాయిది బెంగళూరులో ఉద్యోగం, అతని వాళ్లూ మదురై తెలుగువాళ్లే. వాళ్ల బంధువులెవరో ఇన్‌స్టాగ్రామ్‌లో నా ఫొటోలు చూసి, "అమ్మాయి సినిమాల్లో వేస్తుందా?" అని అడిగారట. అప్పటినుంచి ఇంట్లో గొడవ. "పగటివేషాలు వేసుకుని తిరిగే పిల్లను ఎవరు చేసుకుంటారు?" అన్నారు నాయన. అమ్మ అన్నీ మూటగట్టి అటకెక్కించింది. ఫొటోలు తీసెయ్యమంటున్నారు.

మా మేనమామ మొక్కు తీర్చుకోడానికి చిత్రా పౌర్ణమికి అళగర్ వేషం కడితే ఇదే అమ్మ హారతిచ్చి పంపింది. చిన్నప్పుడు బడి వార్షికోత్సవంలో నన్ను కట్టబొమ్మన్‌ని చేసి, అట్టతో కత్తి తయారుచేసిచ్చింది ఈ నాయనే. అప్పుడు లేని తప్పు ఇప్పుడెక్కడ నుంచి వచ్చింది?

మా మేనత్త మధ్యేమార్గం చెప్పింది. "కుట్టుకో, కావాలంటే అమ్ముకో. నువ్వు మాత్రం కట్టుకోవద్దు" అని. అమ్మకు ఈ మాట నచ్చింది. అబ్బాయికి ఏమీ చెప్పొద్దంటున్నారు. నాయన నాతో ముభావంగా ఉంటున్నారు. కానీ అమ్మ మూట కట్టడానికి ముందు ఒకరోజు ఆయనే మిద్దె మీదికొచ్చి, ఆ కృత్రిమ చెయ్యి తీసుకుని, మోచేతి కీలు అటూ ఇటూ ఆడించి చూసి, ఏమీ అనకుండా దిగిపోయారు.

అత్త మాటకు ఒప్పుకోవాలా? అబ్బాయికి చెప్పాలా వద్దా? ఈ వయసులో ఇంకా ఇది చిన్నపిల్లల ఆటేనా?

– ఒక సోదరి, కోయంబత్తూరు

సలహా

తల్లీ,

అత్త మాటకు ఒప్పుకోవద్దు. అబ్బాయికి చెప్పు. ముహూర్తం పెట్టకముందే, మధ్యవర్తులెవరూ లేకుండా, నీ నోటితోనే చెప్పు.

అత్త నీ మీద ప్రేమతోనే ఆ మాట అంది, సందేహం లేదు. ఆవిడకు తెలియనిదల్లా ఈ పనిలోని కిటుకు. బల్ల మీద పెట్టి చూస్తే కవచం నిక్షేపంగా ఉంటుంది. తొడుక్కుని చెయ్యెత్తితే గానీ చంక దగ్గర ఒరుసుకుంటోందని తెలియదు. కూర్చుంటే గానీ నడుం పట్టీ పొట్టలో గుచ్చుకుంటోందని తెలియదు. వేసుకోవడం కూడా చేయడంలో భాగమే. వేసుకోవద్దని కట్టడి చేస్తే నీ పనితనం ఎదగడం ఆగిపోతుంది. ఇతరులకు కుట్టి అమ్మడం మంచి వృత్తే. నీకు ఇష్టమైతే రేపు ఆ పనీ చెయ్యి. దాన్ని నీ ఇష్టానికి బదులుగా పుచ్చుకోకు.

ఈ కళ మొదటి అడుగులోనే ఒక ఆడమనిషి ఉంది. 1939లో న్యూయార్క్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. దానికి ఫారెస్ట్ ఆకర్మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు భవిష్యత్ కాలపు మనుషుల్లా దుస్తులు వేసుకుని వెళ్లారు. ఆ రెండు జతలూ తయారుచేసింది మర్టిలే. అతనికి కుట్టింది, తనకూ కుట్టుకుంది, తనదాన్ని తనే వేసుకుని నడిచింది. ఆ సంగతి చెప్పేవాళ్లు చాలాకాలం అతని పేరే ముందు చెప్పారు. నీ విషయంలో అలా జరగకూడదనే నా పట్టుదల. ఆ తర్వాత ఎంతోకాలానికి, 1980లలో, జపాన్‌లో నోబుయుకి తకహాషి దీనికి కాస్‌ప్లే అని పేరుపెట్టారు. 2003 నుంచి నగోయాలో ప్రపంచస్థాయి సమావేశం జరుగుతోంది. మన హైదరాబాదుకు 2013లో, మీ చెన్నైకి 2024 ఫిబ్రవరిలో కామిక్ కాన్ మేళా వచ్చింది. అక్కడికి వెళ్లినదానివైతే చూసే ఉంటావు, వేషాలు వేసుకున్నవాళ్లలో ఉద్యోగస్తులు, పిల్లల తల్లిదండ్రులు ఎందరో ఉంటారు. చిన్నపిల్లల ఆట అన్న మాట మనసులో పెట్టుకోకు.

మేనమామ మొక్కు సంగతి మాత్రం ఇంట్లో వాదనకు వాడకు తల్లీ. అక్కడ నేను నీ పక్షం కాను. మదురైలో అళగర్ వైగైలో దిగే రోజున రంగురంగుల అంగీ తొడుక్కుని, టోపీ పెట్టుకుని, తోలుసంచితో నీళ్లు చిమ్మే మనిషి ఆ వేషం స్వామి కోసం కడతాడు. కులశేఖరపట్టణంలో దసరాకు ముత్తారమ్మ పేరిట వేషం కట్టి భిక్షమెత్తి, వచ్చింది గుడికిచ్చేవాళ్లదీ మొక్కే. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టుకుని వచ్చేదీ ఆ తల్లి కోసమే. తంజావూరు దగ్గర మెలట్టూరు సంగతి నువ్వు వినే ఉంటావు. మీలాగే నాయకరాజుల కాలంలో వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈనాటికీ నరసింహ జయంతికి అక్కడ తెలుగు నాటకాలే ఆడతాయి. ప్రహ్లాద చరిత్రములో నరసింహుడి ముఖతొడుగు ధరించే ఆయన ఉపవాసం ఉండి మరీ దాన్ని ధరిస్తాడు. ఆ ముఖతొడుగుకు పూజ జరుగుతుంది. నువ్వు మలేనియా వేషం కట్టేది ఇష్టంతో. ఇష్టం తక్కువదేమీ కాదు, కానీ అది మొక్కు కాదు. రెండూ ఒకటేనంటే అమ్మ మనసు నొచ్చుకుంటుంది, నువ్వు చెప్పే న్యాయమైన మాట కూడా ఆవిడ చెవికెక్కదు.

నీ పనికి నిజమైన బంధువులు వేరే ఉన్నారు. మదురై మీనాక్షి గుడి ఎదుట తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపంలో ఎన్నో ఏళ్లుగా కుట్టుమిషన్లు ఆడేవి. అళగర్ వైగైలో దిగే చిత్తిరై పండక్కి కావలసిన వేషాలు అక్కడే కుట్టేవారు. ఇటీవల ఆ అంగళ్లను కున్నత్తూర్ సత్రానికి తరలించారు. ఈసారి అమ్మ పుట్టింటికెళ్లినప్పుడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లు. మెరుపు పట్టీ చివర పోగులు రాకుండా ఎలా మడిచారో, బరువంతా భుజం మీద పడకుండా అస్తరు ఎలా వేశారో అడుగు. అమ్మ పక్కనే ఉండి విననీ. తర్వాత పుదుమండపానికీ వెళ్లండి. స్తంభాల మీద నాయకరాజులు నిలువెత్తున నిలబడి ఉంటారు. నడుంకట్టు మడతలు, మొలలో బాకు, మెడలోని హారాల వరసలు శిల్పి విడివిడిగా చెక్కాడు. గేముల్లోని పాత్రలు మానేసి నాయకరాణి మంగమ్మ వేషం వెయ్యమని నేను చెప్పడం లేదు, ఇష్టం ఒకరు చెబితే పుట్టేది కాదు. రాతిలో మడతను అంత శ్రద్ధగా పట్టుకున్న చేతులను చూస్తే, నీ చేతులకు పని దొరుకుతుందని చెబుతున్నాను.

ఇక నాయన. పగటివేషం అన్నారని బాధపడకు. అర్ధనారీశ్వర వేషం కట్టే పగటివేషగాడు ముఖంలో సగం శివుడిగా, సగం పార్వతిగా దిద్దుకుని, చేతిలో గుడ్డ అడ్డం పెట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతూ ఇద్దరినీ చూపిస్తాడు. ముక్కు మధ్య నుంచి దిగే ఆ గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా వేషం చెడినట్టే. అంత పని అది. నాయన కోపం కళ మీద కాదని నా నమ్మకం. కూచిపూడి నర్తకుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా రంగం మీదికొస్తే చూసి మురిసిన జాతి మనది. మగవాడి వేషానికి ఎవరూ పరువు లెక్క అడగలేదు. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి అడుగుతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల స్త్రీలు రంగమెక్కినప్పుడు మాటలు పడ్డారు. నిజామాబాదు వైపు చిందు యక్షగానంలో చిందుల ఎల్లమ్మ గారు జీవితమంతా వేషం కట్టి, ఆ కళకే తన పేరు గుర్తుగా నిలిపారు. అడిగే మాట మారలేదు. అది అన్యాయమని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

అయినా నాయన భయంలో ఒక భాగానికి నువ్వు జవాబు చెప్పాలి. కూతురి ఫొటో ఊరూ పేరూ తెలియని మనిషి ఫోనులో ఉంటుందన్నదే ఆయన దిగులు. అది ఉత్తుత్తి భయం కాదు. ఫొటోల్లో ఇల్లు, ఆఫీసు, తిరిగే వీధి ఆనవాలు పట్టేలా ఉన్నవి తీసెయ్యి. మిగతావి ఉంచు. సంబంధం కోసం అన్నీ తీసేస్తే, రేపు పెళ్లయ్యాక ఒక్కటి బయటపడినా దాచిపెట్టావన్న నింద నీ మీద పడుతుంది. వేషం వేసుకున్నంత మాత్రాన ముట్టుకోవడానికి గానీ, అడక్కుండా ఫొటో తీయడానికి గానీ ఒప్పుకున్నట్టు కాదన్నది ఈ మేళాల్లో అందరూ ఎరిగిన నియమం. అది నాయనకు చెప్పు. ఎవరితో వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో చెప్పు.

నీ ఉత్తరమంతటిలో నన్ను ఆపేసింది ఆ మోచేతి కీలు. జీవితమంతా పోతకు కావలసిన కొయ్య ప్యాటర్న్‌లు చెక్కిన మనిషి కీలును ఊరికే ఆడించడు. పోతపోసిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుందని తెలిసి, మీటరుకు ఇంచుమించు 10 మిల్లీమీటర్లు ముందుగానే ఎక్కువ పెట్టి కొయ్యను చెక్కే విద్య ఆయనది. నీ ఫోమ్ కూడా హీట్ గన్ వేడికి కొంచెం ముడుచుకుంటుంది. నువ్వు కాగితం మీద గీసి కత్తిరించే అచ్చూ, ఆయన ప్యాటర్నూ ఒకే పని. ఆ చెయ్యి అటక మీద నుంచి దింపి ఆయన దగ్గరికి తీసుకెళ్లు. పెళ్లి మాట ఎత్తకు, అనుమతి అడగకు. "నాయనా, మోచెయ్యి వంచితే ఇక్కడ పట్టేస్తోంది. మేకు ఎక్కడ వెయ్యమంటారు?" అని అడుగు. పట్టడం లేకపోతే పట్టే చోటేదో వెతికి మరీ అడుగు. ఆయన పెన్సిలు అందుకుంటారని నా నమ్మకం. ఆ రోజే అందుకోకపోయినా, చెయ్యి ఆయనకు కనిపించే చోటే పెట్టు.

అబ్బాయి దగ్గర మాత్రం క్షమాపణ చెబుతున్నట్టు మాట్లాడకు. నేను ఈ పని చేస్తాను, ఇంత డబ్బు, ఇన్ని ఆదివారాలు దీనికి పోతాయి, పెళ్లయ్యాకా చేస్తాను అని చెప్పు. మంచి ఫొటో ఒకటి చూపించు, తర్వాత సగం అతికించిన ముక్క కూడా చూపించు. ఎలా చేశావని అడుగుతాడో, ఎవరెవరు చూశారని అడుగుతాడో గమనించు. తెలియని విషయం గనక మొదట నవ్వొచ్చు, దాన్ని తప్పుపట్టకు. "సరే, పెళ్లయ్యాక చూద్దాం" అంటే మాత్రం అక్కడితో వదిలెయ్యకు. ఏం చూస్తావని అడుగు. ఈ విషయంలో సంబంధం తప్పిపోతే ఇంట్లో కొన్నాళ్లు కష్టంగానే ఉంటుంది. ఆ కష్టం కంటే, పక్కనున్న మనిషికి తెలియకుండా జిగురు డబ్బా దాచుకుని బతకడం ఎక్కువ కష్టం.

జిగురంటే గుర్తొచ్చింది. రెండు వైపులా రాసి, తడి ఆరి చేతికి అంటకుండా ఉన్నప్పుడు అతికించే ఆ జిగురు ఆవిరి మంచిది కాదు. మిద్దె మీదే పని చేసుకో, వర్షం వచ్చిందని గదిలోకి మార్చి తలుపు వేసుకోకు. రసాయనాల ఆవిరిని ఆపే మాస్కు కొనుక్కో, గుడ్డ మాస్కు సరిపోదు.

ఇంకొకటి. కళ్లను కప్పే శిరస్త్రాణం అంటున్నావు. లోపలి నుంచి చూపు ఆననే ఆనదు. చెన్నై కామిక్ కాన్‌కు వెళ్లేటప్పుడు చెయ్యి పట్టుకుని మెట్లు దింపడానికి, జనం గుమిగూడితే పక్కకు తప్పించడానికి, నీళ్ల సీసా, సూదీదారం పట్టుకోడానికి ఒక మనిషి కావాలి. కాస్‌ప్లే చేసేవాళ్లలో చాలామంది అలా ఒకరిని వెంట తెచ్చుకుంటారు. స్నేహితురాలిని పిలిచే ముందు అమ్మను అడుగు. వేషం కట్టిన మీ మేనమామను హారతిచ్చి పంపిన మనిషి, ఆవిడకు పని తెలుసు.