మౌస్ కొనేటప్పుడు చూడవలసినవి, కొన్నాక చేయవలసినవి



ఈ ఏడాది పూర్వ విద్యార్థులమందరం తలా కొంత వేసుకుని మన హాస్టల్ చదువుగదికి నాలుగు కంప్యూటర్లు ఇవ్వాలని అనుకున్నాం. మానిటర్ల గురించి, కీబోర్డుల గురించి ఎవరికీ పేచీ రాలేదు. మౌస్ దగ్గరే వాదన మొదలయింది. గేమింగ్ మౌస్‌లు తీసుకుందామని నేనంటే, ఒక అన్న "పిల్లలకు ఆటలు అలవాటు చేస్తావా తమ్ముడూ?" అన్నారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వల్ల అప్పుల పాలయిన కుటుంబాలు ఉన్నందువల్లే 2020లో మన రాష్ట్రం దానిని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ గేమింగ్ మౌస్‌కూ ఆ జూదానికీ సంబంధం లేదు. చెప్పినచోట కచ్చితంగా ఆగాలి, ఎక్కువ నొక్కుళ్ళకు తట్టుకోవాలి అనే ఉద్దేశంతో చేసిన మౌస్ అది, అంతే. ఆ రెండు గుణాలూ ఆటగాడికంటే మనకే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ఎందుకో వ్రాస్తాను.

మన రాష్ట్రంలో ఎంసెట్ 2017లో కంప్యూటర్ మీదికి మారింది. 2021 నుంచి దానినే ఈఏపీసెట్ అంటున్నారు. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పేపరు 2019 నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదే. 2025లో 16,347 టీచరు పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీ కూడా అలాగే జరిగింది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు జవాబు ఎంచుకోవడానికి ఒక నొక్కు, దాచి ముందుకు వెళ్ళడానికి ఒక నొక్కు అనుకున్నా 320 నొక్కులు. జేఈఈ మెయిన్‌లో అయితే కీబోర్డు ముట్టుకోనివ్వరు. అంకెల జవాబు కూడా తెర మీద కనిపించే మీటలను మౌస్‌తోనే నొక్కి వేయాలి. అంటే ఆ మూడు గంటలు మన కలం ఆ మౌసే. లెక్క సరిగా చేసి, రెండో గడిలో నొక్కబోయి మూడో గడిలో నొక్కితే దిద్దేవారికి మన తెలివి ఎలా తెలుస్తుంది?

పట్నంలో ఇంట్లోనే కంప్యూటర్ ఉన్న పిల్లవాడికి ఇది చెప్పవలసిన సంగతి కాదు. సెల్‌ఫోన్ మీద వేలు జరపడం మనకూ వచ్చు. మౌస్ సంగతి వేరు. చెయ్యి ఒకచోట కదులుతుంది, బాణం గుర్తు ఇంకోచోట కదులుతుంది. ఆ రెండిటికీ పొత్తు కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు కాబట్టి ఇలాంటివి అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో మనిషి లేరు. మీలో చాలామందికీ అంతే కదా!

మౌస్‌ను అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించాడు. ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ 1964లో తయారుచేశాడు. అది చిన్న కొయ్యపెట్టె, అడుగున రెండు చక్రాలు, పైన ఒకే ఒక మీట. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద సభలో దానిని చూపించారు. తర్వాత చక్రాల స్థానంలో బంతి వచ్చింది. ఆ బంతికి దుమ్ము పట్టి మొరాయించేదని మన సీనియర్లకు బాగా గుర్తుంటుంది. ఇప్పటి మౌస్‌లో బంతి లేదు. అడుగున చిన్న దీపం, పక్కనే అతి చిన్న కెమెరా ఉంటాయి. ఆ కెమెరా కింది ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు ఫొటో తీస్తుంది. ముందు ఫొటోకూ తర్వాతి ఫొటోకూ గరుకుదనం ఎంత జరిగిందో లోపలి చిప్ పోల్చుకుని, చెయ్యి ఎటు ఎంత కదిలిందో లెక్క కడుతుంది. అద్దం మీద మౌస్ పనిచేయకపోవడానికి కారణం ఇదే. అక్కడ పోల్చుకోవడానికి గరుకే లేదు.

ఇక కొనడం సంగతి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 6400 డీపీఐ, 12000 డీపీఐ అని వేస్తారు. డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం జరిగితే ఎన్ని చుక్కల దూరం కదిలినట్టు కంప్యూటర్‌కు చెబుతుందన్న లెక్క. ఎక్కువ అంకె ఉంటే మంచి మౌస్ అనుకుంటారు. మామూలు తెర ఒకటి వెడల్పున 1366 చుక్కలు ఉంటుందనుకోండి. 800 డీపీఐలో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళడానికి చెయ్యి సుమారు 1.7 అంగుళాలు జరగాలి. అదే 6400లో 0.21 అంగుళం చాలు, అంటే సుమారు 5 మిల్లీమీటర్లు. వడ్లగింజ పొడవు కూడా లేదు! చెయ్యి కాస్త వణికినా బాణం తెర దాటిపోతుంది. మనకు 800 నుంచి 1200 మధ్య సరిపోతుంది. పెద్ద తెర అయితే 1600. పైన ఉన్న అంకెలకు డబ్బు పోయనక్కర లేదు.

రెండో అంకె పోలింగ్ రేటు. సెకనుకు ఎన్నిసార్లు మౌస్ తన సమాచారం కంప్యూటర్‌కు పంపుతుందో అది. 125 అయితే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 అయితే ఒక మిల్లీసెకనుకు ఒకసారి. తుపాకీ ఆటలు ఆడేవారికి తేడా ఉండవచ్చు గానీ జవాబు గుర్తించేవారికి ఏమీ ఉండదు.

అట్ట మీద వేయనిదే అసలు ముఖ్యం, అది చేతికి కుదరడం. అరచెయ్యి మొత్తం ఆన్చి పట్టుకునేవారు కొందరు, వేళ్ళు వంచి పట్టుకునేవారు కొందరు, వేలికొసలతోనే నడిపేవారు కొందరు. ఐదో తరగతి పిల్లవాడి చేతికి పెద్ద మౌస్ ఇస్తే వేళ్ళు మీట చివరిదాకా అందవు. మొత్తం మణికట్టు ఎత్తి నొక్కుతాడు, ఆ నొక్కులో మౌస్ పక్కకు జరుగుతుంది. అందుకని నాలుగింటిలో రెండు చిన్నవి ఉండాలని పట్టుపట్టాను. గేమింగ్ మౌస్‌లలో చాలావాటికి బొటనవేలి దగ్గర లోతు ఉంటుంది, అవి కుడిచేతివారికే. ఎడమచేతివాటం పిల్లలు ప్రతి హాస్టల్‌లోనూ ఉంటారు. కాబట్టి రెండువైపులా ఒకేలా ఉండేది చూసుకోవాలి. వైరు ఉన్నదే కొనండి. నలుగురూ వాడేచోట వైరు లేని మౌస్‌కు బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో, దాని చిన్న రిసీవర్ ఎవరి జేబులోకి పోతుందో చెప్పలేం.

మీటల కింద చిన్న స్విచ్‌లు ఉంటాయి. కోటి నొక్కులు, రెండు కోట్ల నొక్కులు అని వాటికి లెక్క వేస్తారు. నేను కొన్న మొదటి చవక మౌస్ ఏడాది తిరిగేసరికి ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పనిచేయడం మొదలుపెట్టింది. లోపలి రేకు అరిగితే వచ్చే జబ్బు అది. రోజుకు అరవైమంది వాడే గదిలో ఈ స్విచ్‌ల కోసమే కాస్త ఎక్కువ పెట్టడం న్యాయం. ఎక్కువంటే ఎంత? ఐదారు వందలు. మా ఊళ్ళో రెండు రోజుల మిరపకోత కూలి. అమ్మ ఎండలో వంగి తెచ్చిన డబ్బు అది, రంగురంగుల దీపాలు వెలుగుతున్నాయని వేలకు వేలు పెట్టడం నాకు ఇష్టం లేదు. దీపాలు నొక్కును బాగుచేయవు.

తెచ్చాక చేయవలసింది ఉంది. తీగ తగిలించగానే విండోస్ దానిని గుర్తిస్తుంది. చక్రం వెనక ఉన్న చిన్న మీటే డీపీఐ మీట, నొక్కినప్పుడల్లా వేగం మారుతుంది. ఏ మెట్టు ఎంతో పెట్టెలోని కాగితంలో ఉంటుంది, పారేయకండి. తర్వాత కంట్రోల్ పానెల్‌లో మౌస్, అందులో పాయింటర్ ఆప్షన్స్ తెరవండి. వేగం గీతలు పదకొండు ఉంటాయి, ఆరవ గీత మీద పెట్టండి. కొత్త విండోస్ సెట్టింగ్స్‌లో అయితే ఇరవైలో పది. కిందనే 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' అని ఒక టిక్కు ఉంటుంది. పేరు చూసి మోసపోకండి. అది ఉంటే చెయ్యి వేగంగా జరిపినప్పుడు బాణం ఎక్కువ దూరం, మెల్లగా జరిపినప్పుడు తక్కువ దూరం పోతుంది. ఒకే దూరానికి ఒకే ఫలితం రాదు కాబట్టి చెయ్యి నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. ఆటగాళ్ళు దానిని తీసేస్తారు. మీరూ మొదటి నెలలు తీసేయండి. అయితే విండోస్‌లో అది మొదటినుంచీ పెట్టే వస్తుంది, పరీక్షా కేంద్రంలోనూ అలాగే ఉండవచ్చు. అక్కడ మన మౌస్ కూడా ఉండదు, వాళ్ళిచ్చినదే. అందుకని పరీక్షకు రెండు వారాల ముందు ఆ టిక్కు మళ్ళీ పెట్టి, మామూలు మౌస్‌తో సాధన చేయండి. ఈ రెండో సంగతి ఆటగాళ్ళ పాఠాలలో దొరకదు.

మన చదువుగది బల్లలకు నున్నటి సన్‌మైకా ఉంది. బాణం అక్కడక్కడ గెంతుతుంది. మౌస్‌ప్యాడ్ లేకపోతే మెరుపులేని పాత నోటుబుక్కు అట్ట వేసుకున్నా సరిపోతుంది.

ఇంకొకటి మన ప్రాంతానికే ప్రత్యేకం. పత్తి తీతల రోజుల్లో బట్టలకు అంటుకుని వచ్చే దూది పోగు ఒకటి కెమెరా కన్నంలో ఇరుక్కుంటే చాలు, మౌస్ చెడిపోయిందనిపిస్తుంది. తీగ పీకి, తిరగేసి, పొడిగుడ్డ కొసతో మెల్లగా తీసేయండి. నోటితో ఊదవద్దు, తుంపరలు పడతాయి. సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్నలతో కోతకో, కళ్ళంలో తొడిమలు తీయడానికో వెళ్ళి వచ్చినవాళ్ళు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని కూర్చోండి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళకు కరగదు, నూనె గుణం గలది. వట్టి నీళ్ళతో కడిగితే వేళ్ళ మీదే ఉండి మౌస్‌కు అంటుతుంది. మీకు అలవాటయిన మంట గనుక మీకు తెలియదు. మీ తర్వాత కూర్చున్న ఆరో తరగతి పిల్లవాడు కళ్ళు నులుముకున్నప్పుడు తెలుస్తుంది.

సాధనకు పెయింట్ చాలు. చిన్న చిన్న గుండ్రాలు గీసి, ఒక్కొక్కదాని మధ్య చుక్క పెట్టండి. వారంలో చెయ్యి నిలుస్తుంది. తర్వాత నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్న నమూనా పరీక్షలు వ్రాయండి. జవాబు గుర్తించి 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కకుండా వేరే ప్రశ్నకు దూకితే ఆ జవాబు నిలవదని అక్కడే అలవాటు చేసుకోవాలి. ఎడమచేతివాళ్ళు మౌస్ సెట్టింగ్స్‌లో ప్రధాన మీటను కుడివైపుకు మార్చుకోవచ్చు. కానీ పరీక్షలో అలా మార్చుకునే వీలు ఉంటుందన్న నమ్మకం లేదు గనుక, మీటలు మార్చకుండా మౌస్‌ను ఎడమపక్కన పెట్టుకుని మధ్యవేలితో నొక్కడం కూడా నేర్చుకోండి. పరీక్ష రోజు కూర్చోగానే, గడియారం మొదలవకముందే మౌస్‌ను నాలుగువైపులా జరిపి, రెండు మీటలూ, చక్రమూ చూసుకోండి. ఏది సరిగా లేకపోయినా వెంటనే చెయ్యెత్తి మౌస్ మార్చమని అడగండి. మొహమాటపడవద్దు.