ఉంటున్న ఇంటినే అమ్మాలంటే

ప్రశ్న: విజయవాడలో మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్మకానికి పెట్టాం. అమ్ముడయ్యేదాకా మా అత్తగారు, పిల్లలతో ఇక్కడే ఉండాలి. ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

జవాబు: ముందు చెమ్మ సంగతి చూడండి. బాత్‌రూమ్ అవతలి గోడ మీద మరక కనిపించిందంటే కొనేవాళ్లు మిగతా ఇల్లంతా అనుమానంగానే చూస్తారు. రంగు వేసి దాన్ని కప్పేయకండి. లీకేజీ బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరాకే పెయింట్ వేయించండి. మామూలుగా చూస్తే తెలియని పెద్ద లోపాన్ని కొనేవారికి చెప్పాల్సిన బాధ్యత అమ్మేవారిదేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది.

అటక మీది సామాను, వాడని మంచాలు ఇప్పుడే తీసేయండి. ఇల్లు మారేటప్పుడు ఎలాగూ తప్పని పనే. మీ అత్తగారి గదిని మాత్రం కదపకండి, పెద్దవాళ్లకు అలవాటైన చోటు ముఖ్యం. చూడటానికి వచ్చేవాళ్లను ముందుగా ఫోన్ చేసి, ఆవిడ విశ్రాంతి వేళ కాకుండా పగటి వెలుగులో రమ్మనండి. నగలు లాకర్లో పెట్టండి.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదులు జిరాక్సులు తీయించి ఉంచుకోండి. ఒరిజినల్స్ చూపించండి, చేతికివ్వకండి. బేరం కుదిరాక ఇల్లు ఖాళీ చేసే తేదీని అగ్రిమెంటులో తప్పక రాయించండి.