రేటుకు ముందు ‘ఎలా?’

సూరత్‌లో ఏ మాటైనా రేటుతోనే మొదలవుతుంది. మీటరుకెంత, పాళీకెంత, గది కిరాయి ఎంత? సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి బతుకుదెరువు కోసం వెళ్లిన మన పద్మశాలీ కుటుంబాలకు ఆ ఊరు ముందుగా నేర్పిందీ ఆ ప్రశ్నలే. అందులో తప్పు లేదు. నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు లెక్క చూసుకోక ఏం చేస్తారు? కాకపోతే రేటు తెలియగానే మనసు అక్కడితో ఆగిపోతుంది. ఎదుట ఉన్న వస్తువు ఇక కంటికి ఆనదు.

దీనికి విరుగుడుగా ఒక చిన్న నియమం పెట్టుకోవచ్చు. రోజుకు ఒక్కసారైనా, దేని గురించైనా సరే, రేటు అడిగే ముందు ‘ఇదెలా జరుగుతుంది?’ అని అడగాలి. మన చదువుతో, హోదాతో దీనికి పనిలేదు. అడగడానికి మొహమాటపడకుండా ఉంటే చాలు.

సూరత్‌లోని బమ్రోలినే చూడండి. చుట్టూ మరమగ్గాల మోత, పక్కనే పాండేసర అద్దకం మిల్లులు. ఇక్కడ చూడ్డానికేముంది అనిపించే చోటు. ఆ బమ్రోలిలోనే నగరపాలక సంస్థ 2014లో ఒక కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది. అప్పటికే ఒకసారి శుద్ధి చేసిన మురుగునీటిని అక్కడ మళ్లీ సన్నని పొరల గుండా వడగట్టి పాండేసర మిల్లులకు అమ్ముతారు. దాని సామర్థ్యం రోజుకు 4 కోట్ల లీటర్లు. మనం స్నానం చేసి కాలువలోకి వదిలిన నీళ్లే తిరిగొచ్చి చీరకు రంగద్దుతాయన్నమాట! ఆ దారిన ముక్కు మూసుకుని వెళ్లేవాళ్లకు ఈ సంగతి తెలిస్తే, ముక్కు మూసుకున్నా కళ్లు మాత్రం తెరుచుకుంటాయి.

మగ్గం దగ్గరికి రండి. వాటర్‌జెట్ మగ్గంలో నాడె ఉండదు. పేక దారాన్ని పడుగులోంచి ఈ అంచు నుంచి ఆ అంచుకు లాక్కుపోయేది సన్నని నీటిధార. నిమిషానికి ఐదారు వందల సార్లు అలా దూసుకుపోతుంది. మరి నూలు బట్ట దానిమీద ఎందుకు నేయరు? నూలు నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, పాలిస్టర్ పీల్చుకోదు. తాతలనాటి చేతిమగ్గం మీద ఎడం చేతికీ కుడి చేతికీ మధ్య తిరిగిన నాడె పనిని ఇవాళ నీటిచుక్కలు చేస్తున్నాయి. రోజూ దాని పక్కనే నిలబడేవాడికి ఇది వింతగా తోచకపోవచ్చు. వింత ఎక్కడికీ పోలేదు, మనమే దాని గురించి అడగడం మానేశాం.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. పన్నెండు గంటల పాళీ చేసి, చెవుల్లో హోరుతో గదికి చేరిన మనిషికి ‘జీవితాన్ని అబ్బురంగా చూడు’ అని బోధించడం నాకు నచ్చదు. అబ్బురం తక్కువ కూలికి మందు కాదు. నియమం చిన్నదిగా ఉండాలనేది అందుకే. టీ తాగేంత సేపట్లో అయిపోవాలి.

చూసిందాన్నే మళ్లీ చూడటం కాలక్షేపం కూడా కాదు. ఆలేరు దగ్గరి శారాజిపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేవారు, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసేవారు. ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. నేతపల్లెల్లో ఇంటింటా కనిపించే దృశ్యమే, ఇంటింటా ఉన్న భుజం నొప్పే. ఈ పని యంత్రం ఎలా చేయగలదని ఆయన ఏళ్ల తరబడి తలపట్టుకు కూర్చున్నారు. 1999 నాటికి ఆసుయంత్రం తయారైంది, 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇలా కొత్తగా చూడటం గురించే కాలిఫోర్నియాలో పరిశోధకులు 2020లో ఒక ముచ్చటైన ఫలితం ప్రకటించారు. కొందరు పెద్దవాళ్లను ఎనిమిది వారాలపాటు, వారానికోసారి పావుగంట నడవమన్నారు. అందులో కొందరికి మాత్రం ‘కొత్త కళ్లతో చూస్తూ నడవండి’ అని అదనంగా చెప్పారు. నడకలో తీసుకున్న సెల్ఫీలను పోల్చి చూస్తే, వారాలు గడిచేకొద్దీ ఆ కొందరి ఫోటోల్లో వాళ్ల బొమ్మ చిన్నదైంది, వెనకున్న లోకం పెద్దదైంది. వాళ్ల సంతోషమూ పెరిగింది. సెలవు రోజున రోజూ నడిచే దారిలోనే ఫోను జేబులో పెట్టి ఓ పావుగంట తిరగడం ఎవరికైనా సాధ్యమే.

పిల్లలున్న ఇంట్లో ఇంకో నియమం పనికొస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అక్కడినుంచి వచ్చిన పిల్ల ‘నాన్నా, బట్టకు రంగు ఎందుకు పోదు?’ అంటే ‘చాల్లే, అన్నం తిను’ అనకూడదు. తెలియకపోతే తెలియదనాలి. కార్ఖానాలో ఎవరినైనా అడిగి, మర్నాడు చెప్పాలి. తండ్రి తనకోసం ఒకరిని అడిగి వచ్చాడన్నది ఆ పిల్ల జవాబుకంటే ఎక్కువ కాలం గుర్తుంచుకుంటుంది.

రోజుకో ‘ఎలా?’, పావుగంట నడక, పిల్లల ప్రశ్నకు జవాబు: ఈ మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టకండి, మూడో రోజుకే విసుగొస్తుంది. ఒకటి చాలు. మీ పని గురించి ఇంట్లో ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి ఈ రాత్రి అన్నాల దగ్గర చెప్పండి. విన్నాక వాళ్లు ఏమడుగుతారో, ఫోను పక్కన పెట్టి వినండి.