కొర్రమట్ట వేట

అచ్చంపేటకు సముద్రం చాలా దూరం. తీరప్రాంతపు జాలరి గాలానికి స్క్విడ్ ముక్కను గుచ్చితే, నల్లమల అంచున ఉన్న ఈ సీమలో చెరువుగట్టున కూర్చున్నవాడు వానపామునో, చిన్న కప్పనో ఎరగా గుచ్చుతాడు. పొద్దు వాలేవేళ అతని చూపంతా బెండు మీదనే.

అతడు కోరేది కొర్రమట్ట. కోస్తావారు దానినే కొరమీను అంటారు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటింపబడినది ఇదే. మొప్పలతోపాటు నేరుగా గాలిని కూడా పీల్చుకొనే చేప కనుక అది అప్పుడప్పుడు నీటిపైకి రాక తప్పదు. ఆ చిన్న బుడగయే దాని జాడను పట్టిస్తుంది.

వానకాలంలో ఎర్రని పిల్లల గుంపు నీటిపై కదులుతుంటే, తల్లిదండ్రులు అడుగున కాపలా కాస్తుంటాయి. దగ్గరకు ఏది వచ్చినా మీదపడతాయి. అందువల్ల గాలానికి సులభంగా చిక్కుతాయి. కాపలా పోయిన పిల్లలు ఇతర చేపలకు, కొంగలకు ఆహారమవుతాయి. ఇది తెలిసినవాడు ఆ గుంపు కంటబడగానే గాలం చుట్టుకొని లేస్తాడు. ఆ రాత్రి అతని ఇంట చేపల పులుసు ఉండదు.